ఐపీ పెట్టినంత మాత్రాన అప్పు తీరదు

న్యాయ సలహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

దక్షిణ తెలంగాణ నుంచి దివాలా మీద, అంటే కోర్టులో ఐపీ (ఇన్‌సాల్వెన్సీ పిటిషన్) పెట్టడం మీద వచ్చిన ప్రశ్నలకే ఈసారి ఈ పేజీలు కేటాయించాం. రాసినవారి పేర్లు వేయడం లేదు, ఊళ్ల పేర్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. రైతులకు ఉద్దెర ఇచ్చి చిక్కుకున్నాను. డీలర్లకు, మిత్తికి తెచ్చిన చోట్ల కలిపి 44 లక్షలు బాకీ ఉంది. దుకాణంలో సరుకు 6 లక్షలు, ఒక ప్లాటు 9 లక్షలు, ఊళ్లల్లో రావలసింది 11 లక్షలు. ఐపీ పెట్టు, బాకీలన్నీ పోతాయి అంటున్నారు తోటి వ్యాపారులు. నిజమేనా? అసలు చట్టం ఎవరిని దివాలాదారు అంటుంది? (మిర్యాలగూడ)

జవాబు: పోవు. మీలాంటి వ్యక్తులకు, భాగస్వామ్య వ్యాపారాలకు మన దగ్గర ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే నడుస్తోంది. అందులో మూడు మెట్లున్నాయి. పిటిషన్ వేయడం మొదటిది. విచారించి కోర్టు మిమ్మల్ని ఇన్‌సాల్వెంట్‌గా ప్రకటించడం రెండోది. ఆ తర్వాత మీరు మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటే కోర్టు ఇచ్చే డిశ్చార్జి మూడోది. చట్టం దివాలాదారు అనేది రెండో మెట్టు ఎక్కినవాణ్ని. బాకీల నుంచి విముక్తి దొరికేది మూడో మెట్టు మీద. చాలామంది మొదటి మెట్టు ఎక్కి, పేపర్లో నోటీసు పడగానే పని అయిపోయిందనుకుని ఇంట్లో కూర్చుంటారు. నష్టమంతా అక్కడే జరుగుతుంది.

పిటిషన్ వేయడానికి పెద్ద అర్హతలేమీ లేవు. అప్పులు తీర్చలేని స్థితిలో ఉండాలి. దానితోపాటు బాకీల మొత్తం 500 రూపాయలకు తగ్గకపోవడం గానీ, డబ్బు డిక్రీ (డబ్బు కట్టాలన్న కోర్టు తీర్పు) కింద మీరు అరెస్టయి ఉండటం గానీ, మీ ఆస్తి మీద జప్తు ఉత్తర్వు ఉండటం గానీ జరిగి ఉండాలి. ఆ 500 అన్నది నూరేళ్ల కిందటి అంకె, ఇంకా మారలేదు. మీరు ఉండే చోటు లేదా వ్యాపారం చేసే చోటు ఏ సీనియర్ సివిల్ జడ్జి కోర్టు కిందికి వస్తే అక్కడే వేయాలి.

పిటిషన్‌లో ఏం రాస్తారన్న దాని మీదే కేసు నిలబడుతుంది. ప్రతి అప్పులవాడి (మీకు అప్పు ఇచ్చినవాడి) పేరు, చిరునామా, బాకీ మొత్తం, అది నోటు మీదనా, ఖాతా మీదనా, తాకట్టు మీదనా అన్నది రాయాలి. బావమరిది దగ్గర తెచ్చిన చేబదులు కూడా వదలకూడదు. ఆస్తుల జాబితాలో ప్లాటు, సరుకు, బ్యాంకు ఖాతాలు, బండి, చిట్టీ కట్టిన సొమ్ము, ఇతరుల నుంచి రావలసినవి అన్నీ చూపాలి. మీ విషయంలో ఆ 11 లక్షల ఉద్దెర ముఖ్యం. అది పోయిన డబ్బు అని మీకు అనిపించవచ్చు గానీ చట్టం దాన్ని మీ ఆస్తిగానే చూస్తుంది. ఏ రైతు, ఏ ఊరు, ఎంత, ఏ తేదీన ఇచ్చారు అన్న ఖాతా పుస్తకాలను కోర్టు అడిగిన రోజు అప్పగించాలి. మూడేళ్లు దాటిన ఉద్దెర మీద దావా వేయడానికి వీలుండదు కాబట్టి పాత బాకీలను విడిగా చూపించండి. మొత్తం 11 లక్షలూ వస్తాయని రాసి, తర్వాత 4 లక్షలే వసూలైతే మిగతాది ఏమైందని మిమ్మల్నే నిలదీస్తారు.

పిటిషన్ అడ్మిట్ అయ్యాక అప్పులవాళ్లకు నోటీసులు వెళతాయి, పేపర్లో ప్రకటన పడుతుంది. బాకీదారే పిటిషన్ వేసిన కేసుల్లో కోర్టు సాధారణంగా అప్పుడే తాత్కాలిక రిసీవర్‌ను (మీ ఆస్తిని తన అధీనంలోకి తీసుకునే వ్యక్తిని) పెడుతుంది. ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోండి. పిటిషన్ నంబరు పడగానే మీ మీద ఉన్న దావాలు ఆగవు. మిమ్మల్ని ఇన్‌సాల్వెంట్‌గా ప్రకటించే ఉత్తర్వు (ప్రకటన ఉత్తర్వు) వచ్చాకనే, కోర్టు అనుమతి లేకుండా అప్పులవాళ్లు కొత్త దావా వేయకూడదు, మీ ఆస్తి మీదికి రాకూడదు. అరెస్టు నుంచి రక్షణకు కూడా విడిగా దరఖాస్తు వేయాలి. ఆ ఉత్తర్వు వచ్చేలోపు ఏ కోర్టులోనైనా మీ మీద ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) నడుస్తుంటే అక్కడ హాజరై ఐపీ సంగతి చెప్పాల్సింది మీరే. ఐపీ వేశాను కదా అని ఊరుకుంటే అక్కడ ఎక్స్‌పార్టీ అవుతారు, అంటే మీరు లేకుండానే ఉత్తర్వు పడుతుంది.

ప్రకటన ఉత్తర్వు వచ్చాక మీ ఆస్తి రిసీవర్ చేతిలోకి పోతుంది. ఆ ఉత్తర్వు పిటిషన్ వేసిన తేదీ నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క. డిశ్చార్జి అయ్యేలోపు మీకు వారసత్వంగా ఏమైనా వచ్చినా అది కూడా రిసీవర్‌కే చెందుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు నుంచి మినహాయించినవి మాత్రం మీకే ఉంటాయి: కట్టుబట్టలు, వంట పాత్రలు, పరుపులు, చేతివృత్తి పనిముట్లు, వ్యవసాయదారుడి నాగలి, పశువులు, విత్తనాలు, అతను నివసించే ఇల్లు, ప్రావిడెంట్ ఫండ్ వంటివి.

డిశ్చార్జికి ఎప్పటిలోగా దరఖాస్తు చేయాలో ప్రకటన ఉత్తర్వులోనే గడువు రాసి ఉంటుంది. ఆ గడువు దాటితే ప్రకటన రద్దవుతుంది, అప్పులన్నీ మళ్లీ మీ మెడ మీదికి వస్తాయి. అలా రద్దయ్యాక కోర్టు అనుమతి లేకుండా మరో ఐపీ వేయడానికి వీల్లేదు. ఉత్తర్వు నకలు తీసిన రోజే ఆ తేదీని గోడ మీది క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. ఆలస్యమయ్యేటట్టుంటే గడువు ముగిసేలోపే పొడిగింపు అడగండి.

డిశ్చార్జి దగ్గర ఇంకో గట్టి పరీక్ష ఉంది. మీ ఆస్తి విలువ బాకీలో రూపాయికి ఎనిమిదణాలకు, అంటే సగానికి, తగ్గితే కోర్టు పూర్తి డిశ్చార్జి ఇవ్వదు. మీ బాకీ 44 లక్షలు, సగం 22 లక్షలు. సరుకు, ప్లాటు, ఉద్దెర కలిపితే 26 లక్షలు కాబట్టి కాగితం మీద దాటారు. ఉద్దెరలో 4 లక్షలే నిజంగా వచ్చేవయితే మొత్తం 19 లక్షలే, గీత కిందికి పడ్డారు. అప్పుడు ఈ లోటుకు మీరు బాధ్యులు కారని చూపించాలి. సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు రాక మీ రైతుల పొలాలు ఎండిన సంవత్సరముంటే మండల కరువు ప్రకటన, మీ అమ్మకాల రిజిస్టర్లు, వసూలుకు పంపిన నోటీసులు అప్పుడు పనికొస్తాయి. లెక్కల పుస్తకాలు రాయకపోవడం, మునిగిపోయామని తెలిసీ వ్యాపారం సాగించడం, తీర్చే ఆశ లేకుండా కొత్త అప్పు చేయడం, జూదం, దుబారా, వీటిలో ఏది రుజువైనా పూర్తి డిశ్చార్జి రాదు. అలాంటప్పుడు కోర్టు దాన్ని నిరాకరించవచ్చు, కొంతకాలం నిలిపివేయవచ్చు, లేదా మీ మున్ముందు సంపాదనలోంచి కట్టాలని షరతు పెట్టవచ్చు.

డిశ్చార్జి వచ్చినా పోని బాకీలున్నాయి. ప్రభుత్వానికి కట్టాల్సినవి, మోసంతో చేసిన అప్పులు, భార్యాబిడ్డల మనోవర్తి. మీ అప్పుకు జమానతు (హామీ) ఉన్నవారి బాధ్యత కూడా పోదు.

ఇదంతా చదివాక మీకో సలహా. మీ ఆస్తి సగం పైన ఉందంటున్నారు కాబట్టి అప్పులవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి రూపాయికి అరవై పైసల లెక్కన వాయిదాల ఒప్పందం అడిగి చూడండి. పిటిషన్ వేశాక కూడా చట్టంలో ఇలాంటి రాజీ పథకానికి దారి ఉంది. ఎవరూ ఒప్పుకోకపోతే అప్పుడు ఐపీకి వెళ్లండి.

ప్రశ్న: బత్తాయి తోట మీద వచ్చిన 7 లక్షలు ఒక కమీషన్ వ్యాపారికి ప్రామిసరీ నోటు మీద ఇచ్చాను. ఆయన ఐపీ వేశాడని కోర్టు నోటీసు వచ్చింది. నా నోటుకు ఇంకా రెండు నెలల్లో మూడేళ్లు నిండుతాయి. నా డబ్బు గంగలో కలిసినట్టేనా? (నల్లగొండ)

జవాబు: అలా అనుకుని నోటీసు పక్కన పడేస్తేనే గంగలో కలుస్తుంది. ముందు, కోర్టు ప్రకటన ఉత్తర్వు ఇచ్చిందా లేదా కనుక్కోండి. ఇంకా ఇవ్వకపోతే మూడేళ్లు నిండకముందే నోటు మీద మామూలు దావా వేయండి. పిటిషన్ పెండింగులో ఉందన్నంత మాత్రాన మీ గడువు ఆగదు. ఉత్తర్వు వచ్చేసి ఉంటే దావాకు ఇన్‌సాల్వెన్సీ కోర్టు అనుమతి కావాలి.

రెండోది మరింత ముఖ్యం. మీ బాకీని ఐపీ కేసులోనే రుజువు చేసుకోండి. నోటు వివరాలు, అసలు, మిత్తి లెక్క, ఇంతవరకు జమ అయినది రాసి అఫిడవిట్ దాఖలు చేయాలి. రిజిస్టర్డ్ పోస్టులో పంపినా చెల్లుతుంది. అలా చేస్తే అప్పులవాళ్ల షెడ్యూల్‌లో మీ పేరు చేరుతుంది, రిసీవర్ ఆస్తి అమ్మి పంచినప్పుడు మీ వాటా వస్తుంది. ఇంకో లాభముంది. ఒకవేళ ప్రకటన తర్వాత రద్దయితే, ప్రకటనకూ రద్దుకూ మధ్య నడిచిన కాలాన్ని గడువులో లెక్కించరు. ఈ వెసులుబాటు బాకీ రుజువు చేసుకున్నవారికే. చేసుకోనివారికి లేదు.

హాజరైన రోజు ఊరికే అభ్యంతరం చెబితే చాలదు. ఆయన జాబితాలో చూపని ఆస్తి ఏదైనా మీకు తెలిస్తే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీయించి మీ కౌంటర్‌తో (రాతపూర్వక జవాబుతో) జత చేయండి. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక్క దగ్గరివాడి బాకీ మాత్రమే తీర్చి ఉంటే అది చెల్లదని అడగవచ్చు. ఆస్తి దాచినట్టు, తప్పుడు లెక్కలు చూపినట్టు రుజువైతే ఏడాది వరకు జైలు శిక్షకు వీలుంది.

మనుషుల్ని వెంటేసుకుని ఆయన ఇంటికి వెళ్లి ట్రాక్టరు తోలుకురావడం, సరుకు ఎత్తుకురావడం మాత్రం చేయకండి. మీ మీదనే క్రిమినల్ కేసు అవుతుంది, మీకున్న న్యాయం బలహీనపడుతుంది.

ప్రశ్న: మావారి పేరు మీదున్న రెండెకరాలు పోయిన ఏడాది నాకు గిఫ్టు డీడ్ చేశారు. ఇప్పుడు ఐపీ పెడతామంటున్నారు. నా భూమికి ఢోకా లేదు కదా? (దేవరకొండ)

జవాబు: ఉందమ్మా. డీడ్ రాసిన తేదీ నుంచి రెండేళ్లలోపు పిటిషన్ పడి, దాని మీద ఆయన దివాలాదారుగా ప్రకటితులైతే ఆ బదిలీని కోర్టు రద్దు చేయవచ్చు. ధర ఇచ్చి, నిజాయితీగా కొన్న కొనుగోలుదారుకు రక్షణ ఉంటుంది. గిఫ్టుకు ధర లేదు కాబట్టి మీకు ఆ రక్షణ లేదు. రిసీవర్ ఊరుకున్నా అప్పులవాళ్లలో ఒకరు కోర్టు అనుమతితో ఈ దరఖాస్తు వేయవచ్చు. రెండేళ్లు దాటేదాకా ఆగి ఐపీ పెడదాం అని కొందరు ఉపాయం చెబుతారు. అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికే రాసిన డీడ్ అయితే ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద ఐపీతో సంబంధం లేకుండానే దావా వేయొచ్చు. అందుకని ఆ ఉపాయాన్ని నమ్ముకోవద్దు. ఆ రెండెకరాలను పిటిషన్‌లోనే దాచకుండా చూపించమని మీవారికి చెప్పండి. దాచిపెట్టింది బయటపడితే ఆయన డిశ్చార్జి కూడా పోతుంది. పుట్టింటివారు మీకు పెట్టిన బంగారం మాత్రం మీదే, ఆయన అప్పులకు దానితో సంబంధం లేదు.

ప్రశ్న: పత్తి వ్యాపారం కోసం ఇల్లు బ్యాంకుకు మార్ట్‌గేజ్ చేశాను. తమ్ముడు జమానతు ఉన్నాడు. నేను ఐపీ పెడితే బ్యాంకు ఆగుతుందా, తమ్ముడు బయటపడతాడా? (జడ్చర్ల)

జవాబు: రెండూ జరగవు. తాకట్టు ఉన్న అప్పులవాడి హక్కును దివాలా తాకదు. బ్యాంకు సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని అమ్ముకోనిచ్చే చట్టం) కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, ఆ తర్వాత ఇంటిని స్వాధీనం చేసుకుని వేలం వేసుకోవచ్చు. వేలంలో రాని మిగులు బాకీకి మాత్రమే మిగతా అప్పులవాళ్లతో పాటు షెడ్యూల్‌లోకి వస్తుంది. నోటీసు వచ్చిన వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి, బ్యాంకు దానికి జవాబివ్వాలి. స్వాధీనం చర్య మొదలైతే హైదరాబాద్‌లోని డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి మీకు 45 రోజులే ఉంటాయి.

తమ్ముడి బాధ్యత మీ బాధ్యతతో సమానం. మీకు డిశ్చార్జి వచ్చినా ఆయనది నిలిచే ఉంటుంది. ఆయన కట్టాల్సి వస్తే కట్టిన మేరకు మీ ఐపీలో ఆయన కూడా అప్పులవాడిగా రుజువు చేసుకోవచ్చు. ఐపీకి ముందే ఆయనతో ఈ మాట కూర్చుని మాట్లాడండి.

ప్రశ్న: ప్రభుత్వ టీచర్ని. స్నేహితుడికి జమానతు ఉంటే డిక్రీ నా మీద పడింది. జీతం 46,000. మొత్తం పట్టుకుంటారా? (నాగర్‌కర్నూల్)

జవాబు: జీతంలో మొదటి 1,000, మిగిలిన 45,000లో మూడింట రెండు వంతులు మినహాయింపు. కాబట్టి నెలకు 15,000 దాకా పట్టుకోవచ్చు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు పట్టుకున్నాక ఆ డిక్రీకి మీ జీతం పూర్తిగా మినహాయింపు. ఉద్యోగి ఐపీకి వెళితే పై అధికారికి తెలియజేయాలి, అందుకే జీతం జప్తుతో తీరిపోయే బాకీకి ఐపీ ఎంచుకోవద్దని మా అభిప్రాయం.

ప్రశ్న: నేను ఇచ్చిన చెక్కు బౌన్సయింది. ఐపీ వేస్తే ఆ కేసు పోతుందా? (కోదాడ)

జవాబు: పోదు. అది క్రిమినల్ కేసు, రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా పడొచ్చు. లీగల్ నోటీసు అందిన 15 రోజుల్లో కట్టగలిగితే కేసు పుట్టదు. దాటిపోయినా ఏ దశలోనైనా రాజీకి వీలుంది, లోక్ అదాలత్‌లో అడగండి.

ప్రశ్న: ఏడాదికి 60,000 లోపు ఆదాయం ఉన్నవాళ్ల అప్పులు కొత్త దివాలా చట్టంలో రద్దు చేస్తారట. నిజమా? మా జిన్నింగ్ మిల్లు ప్రైవేట్ లిమిటెడ్. బ్యాంకు అప్పుకు నేను సొంతంగా గ్యారంటీ ఇచ్చాను. నాకేది వర్తిస్తుంది? (సూర్యాపేట)

జవాబు: మీరు విన్నది 2016 దివాలా స్మృతిలో ఉంది. ఏడాది ఆదాయం 60,000 దాటకుండా, ఆస్తులు 20,000, అప్పులు 35,000 మించకుండా, సొంత ఇల్లు లేనివారికి అప్పు మాఫీతో కొత్త ఆరంభం ఇవ్వాలన్న అధ్యాయమది. కానీ సామాన్య వ్యక్తులకు ఆ భాగాన్ని ఇంకా అమల్లోకి తేలేదు. మాఫీ ఫారం నింపిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

2019 డిసెంబర్ 1 నుంచి ఆ స్మృతి కంపెనీ అప్పులకు సొంత గ్యారంటీ ఇచ్చినవారికి వర్తిస్తోంది. అంటే మీకు. దీన్ని సుప్రీంకోర్టు 2021లో సమర్థించింది. మీ కేసు సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకు పోదు. కంపెనీ మీద దివాలా ప్రక్రియ నడుస్తుంటే హైదరాబాద్‌లోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌లోనే నడుస్తుంది. బ్యాంకు ముందు డిమాండ్ నోటీసు ఇస్తుంది, 14 రోజులు గడువు. తర్వాత పడే దరఖాస్తును ట్రిబ్యునల్ అడ్మిట్ చేసుకుంటే ఆ అప్పుల మీది ఇతర కేసులు ఆగుతాయి. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. మీరు చెల్లింపు ప్రణాళిక ఇస్తే విలువలో నాలుగింట మూడు వంతుల అప్పులవాళ్లు ఒప్పుకోవాలి. ఆ నోటీసును రిసీవ్ చేసుకోకుండా తిప్పి పంపొద్దు. ఆ 14 రోజులు బేరానికి మీకున్న మంచి సమయం.

ప్రశ్న: నన్ను కోర్టు ఇన్‌సాల్వెంట్‌గా ప్రకటించింది. సర్పంచ్‌గా నిలబడవచ్చా? (కల్వకుర్తి)

జవాబు: డిశ్చార్జి కానంత వరకు స్థానిక సంస్థల పదవులకు అనర్హులు. డిశ్చార్జితో పాటు, ఈ దివాలా మీ తప్పు లేకుండా దురదృష్టం వల్ల వచ్చిందన్న సర్టిఫికెట్ కూడా కోర్టు నుంచి తీసుకుంటేనే 1920 చట్టం కింది అనర్హత తొలగుతుంది. డిశ్చార్జి దరఖాస్తులోనే ఆ సర్టిఫికెట్ కూడా కోరండి. ఎమ్మెల్యే, ఎంపీ పదవులకు రాజ్యాంగమే డిశ్చార్జి కాని దివాలాదారును అనర్హుడంటుంది. ఇంకో హెచ్చరిక: ఈ కాలంలో మీ పరిస్థితి చెప్పకుండా 50 రూపాయల అప్పు తెచ్చినా నేరమే.

ప్రశ్న: మావారు చేనేత పని చేసేవారు. 9 లక్షల అప్పు మీద ఐపీ వేశారు, కేసు నడుస్తుండగా చనిపోయారు. అప్పులవాళ్లు నన్ను కట్టమంటున్నారు, లేకపోతే మగ్గం తీసుకుపోతామంటున్నారు, జైల్లో పెట్టిస్తామంటున్నారు. మగ్గం మీదున్న పట్టు, జరీ మాస్టర్ వీవర్ (సరుకిచ్చి కూలికి నేయించే ఆసామి) ఇచ్చినవి. (గద్వాల)

జవాబు: అమ్మా, ఒక్కొక్కటే చెప్తాం. భర్త అప్పుకు మీరు సొంతంగా నోటు మీద సంతకం గానీ, జమానతు గానీ చేయకపోతే, ఆయన నుంచి మీకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యత. మీ కూలి డబ్బు, మీ సొంత బంగారం జోలికి ఎవరూ రాకూడదు. పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లను అరెస్టు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఒప్పుకోదు, ఆ బెదిరింపుకు భయపడకండి.

ఆయన చనిపోయినా ఐపీ కేసు అంతటితో ముగియదు. ఉన్న ఆస్తిని అమ్మి పంచడానికి ఎంత అవసరమో అంత మేరకు కోర్టు కొనసాగించవచ్చు. అందుకే మరణ ధ్రువీకరణ పత్రం నకలుతో ఆ కోర్టులో మెమో వేయండి. చేతిమగ్గం, రాట్నం, ఆసు చేతివృత్తి పనిముట్లు కాబట్టి జప్తుకు రావని అందులోనే రాయించండి. అమ్మకానికి సిద్ధంగా ఉన్న ఆయన సొంత చీరలకు ఈ మినహాయింపు లేదు. పట్టు, జరీ మాత్రం మాస్టర్ వీవర్‌వి. ఆయన ఇచ్చిన తేదీ, బరువు, మీకు కట్టే కూలి రాసిన ఖాతా పుస్తకం నకలు తెచ్చుకోండి. అది లేకపోతే మీ ఇంట్లో ఉన్న సరుకంతా మీవారిదేనని అప్పులవాళ్లు వాదిస్తారు. ఇల్లు తాకట్టులో లేకపోతే, ఆయన కూలికి నేసేవారని అదే ఖాతా పుస్తకం చూపించి, కూలివాడు నివసించే ఇంటికి జప్తు మినహాయింపు వర్తిస్తుందని అడగవచ్చు.

వీటికి అడ్వకేట్ ఫీజు పెట్టలేమని ఆగవద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం హక్కు. ఐపీ కేసు నంబరు, మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్, మాస్టర్ వీవర్ ఖాతా నకలు పట్టుకుని కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. తర్వాతి వాయిదా తేదీ ముందుగా కనుక్కుని, దానికి వారం ముందే వెళ్లండి.